జూదము – నేర్పు – శాసనము

జూదమును గురించి మన పూర్వులలో రెండు అభిప్రాయములు ఉండెను. రాజు తన రాజ్యములో జూదమును, పందెములను పూర్తిగా అణచివేయవలెనని మనుస్మృతి చెప్పినది. కౌటిల్యుని అర్థశాస్త్రము వేరొక త్రోవ త్రొక్కినది. జూదరులను ఒక్కచోట కూర్చుండబెట్టి, వారిపై ద్యూతాధ్యక్షుడను అధికారిని నియమించి, మోసము లేని పాచికలను ఆ అధికారియే ఇచ్చి, గెలిచిన సొమ్ములో నూటికి ఐదు వంతులు ప్రభుత్వమునకు చేర్చవలెనని అందు కలదు. ఆ చోటు విడిచి మరొకచోట ఆడినవారికి పండ్రెండు పణముల దండన విధించిరి. ఒకరు మాన్పింపుమనిరి. మరొకరు, మాన్పించుట నీ వశము కాదు, కావున కనిపెట్టి ఉండుము, పన్ను గైకొనుము అనిరి. ఎన్నో శతాబ్దములు గడచినవి. పాచికలు పోయి పేకముక్కలు వచ్చినవి. ఆ పేకముక్కల బొమ్మలు ఇప్పుడు చేతిలోని ఫోను అద్దముపైకి ఎక్కినవి. వాదము మాత్రము నేటికిని ఈ రెండు మాటల నడుమనే తిరుగుచున్నది.

పోకరు, రమ్మీ వంటి ఆటలను డబ్బు పెట్టి ఆన్‌లైనులో ఆడుటను ఒక రాష్ట్రము తన ఎల్లల లోపల అనుమతించిన ఏమగును, నిషేధించిన ఏమగును అనునది నేటి ప్రసంగ విషయము. ఇది పట్టణములలోని క్లబ్బుల గొడవ, మనకేల అని చిల్పూరు, ఘనపురము వైపు శ్రోతలు అనుకొనవచ్చును. కాని క్లబ్బునకు పోవలెనన్న బట్టలు మార్చుకొనవలెను, బస్సెక్కవలెను, నలుగురి కంట పడవలెను. ఫోనులోని ఆటకు ఇవి ఏవియు అక్కరలేదు. చేనిగట్టున కూర్చుండి ఆడవచ్చును. పత్తి అమ్మిన సొమ్ము బ్యాంకు ఖాతాలో పడిన రాత్రియే, ఇంటిల్లిపాదియు నిద్రించుచుండగా, దుప్పటి ముసుగులో ఆడవచ్చును. కనుక ఇది మన ఊరి సంగతియే.

మొదట ఆటలను గురించి రెండు మాటలు. మన ప్రాంతమున పత్తాలాట అన్న పేరుతో నడచునవి అన్నియు ఒక్క తీరువి కావు. లోపల–బయట అను ఆటలో ఆడువాని తెలివికి చోటే లేదు. ముక్క ఎటు పడిన అటే. మూడుముక్కలాటయు ఇంచుమించు అట్టిదే. రమ్మీ వేరు. పదమూడు ముక్కలు చేతబట్టి, ఎదుటివాడు ఏది ఎత్తెను, ఏది పారవేసెను అని గుర్తుంచుకొని, వరుసలు కూర్చుకొనవలెను. పోకరు ఇంకొక తీరు. నేడు ఎక్కువగా ఆడు పద్ధతిలో ఒక్కొక్కనికి రెండు ముక్కలు మూసి పంచుదురు. అందరికిని ఉమ్మడిగా ఐదు ముక్కలు విడతలుగా నడుమ తెరచి పెట్టుదురు. నాలుగు మారులు పందెము కాయవచ్చును. చేతిలో ఏమియు లేకున్నను ఉన్నట్లు నటించి ఎదుటివానిని విరమింపజేయుట ఈ ఆటలోని ప్రధానమైన నేర్పు. లెక్క తెలిసినవాడు తెలియనివానిని, ఓర్పు గలవాడు తొందరపాటు గలవానిని కాలక్రమమున ఓడించును. అయినను ముక్కలు పంచుట అదృష్టముతో కూడినదే. మొదటి రెండు ముక్కలును ఆసులే వచ్చు అవకాశము 221 మారులలో ఒక్కటి మాత్రమే.

ఇంత నేర్పు ఉన్న ఆటను జూదమనవచ్చునా? ఈ ప్రశ్నకు భారతదేశమంతటికిని ఆధారమైన తీర్పు మన సికిందరాబాదు నుండియే పుట్టినది. 1963 మే నెలలో అచ్చటి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి జరిపిరి. సభ్యులు పందెము పెట్టి రమ్మీ ఆడుచుండిరి. నిజాము కాలపు 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూద చట్టము క్రింద వారిపై నేరము మోపిరి. మేజిస్ట్రేటు శిక్ష వేసెను. హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. 1967 నవంబరు 22న న్యాయమూర్తి హిదాయతుల్లాగారు తీర్పు చెప్పిరి. మూడుముక్కలాట వంటిది కేవలము అదృష్టముపై నడచునది. రమ్మీ అట్టిది కాదు. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, ఏది ఉంచుకొనవలెను, ఏది విడువవలెను అని నిర్ణయించుటకును తగినంత నేర్పు కావలెను. ముక్కలు కలిపి పంచుటలో అదృష్టము కొంత ఉండుట బ్రిడ్జి ఆటకును తప్పదు. కాబట్టి రమ్మీ ముఖ్యముగా నేర్పుతో కూడిన ఆట అనునది ఆ తీర్పు సారాంశము.

ఈ తీర్పును ఎత్తి చూపువారు చాలమంది. కాని దానిలోని రెండవ సగమును చెప్పువారు తక్కువ. ఆటను నడుపు ఇంటివాడు ఆ ఆటనుండి లాభము తీయుచున్నచో, లేక వేరొక విధముగా జూదము నడచుచున్నదని సాక్ష్యమున్నచో, అప్పుడు నేరము నిలువవచ్చునని ఆ తీర్పులోనే హెచ్చరిక కలదు. సికిందరాబాదు క్లబ్బు సభ్యులనుండి తీసికొనినది కుర్చీలకు, ముక్కలకు, సిబ్బందికి సరిపడు రుసుము మాత్రమేనని న్యాయస్థానము భావించెను. ఆ హెచ్చరికను శ్రోతలు మనసున ఉంచుకొనవలెను. తరువాత దానితో మనకు పని కలదు.

పిమ్మట 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము వచ్చినది. కేవలము నేర్పుతో కూడిన ఆటలకు ఈ చట్టము వర్తింపదని అందులోని 15వ సెక్షను చెప్పినది. ఆ గొడుగు క్రింద పట్టణములలో క్లబ్బులు నడచినవి. నాలుగు దశాబ్దముల తరువాత అదే గొడుగు క్రిందికి ఆన్‌లైను కంపెనీలు వచ్చి చేరినవి. క్లబ్బులో ఆడినవారు ఏ కొద్దిమందియో. ఫోనులో ఆడువారు లక్షలు. తెలంగాణ ప్రభుత్వము 2017 జూనులో ఆర్డినెన్సు తెచ్చినది. జూలైలో మరియొకటి తెచ్చినది. ఆ ఏడాదియే శాసనసభలో సవరణ చట్టము చేసినది. నేర్పు ఆటలకు ఉన్న మినహాయింపు పోయినది. ఆన్‌లైను ఆటయు చట్టము పరిధిలోనికి వచ్చినది. దేశములో ఆన్‌లైను రమ్మీపై ఇంత గట్టిగా తలుపు మూసిన వారిలో మన రాష్ట్రము ముందు వరుసలోనిది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 సెప్టెంబరులో అదే మార్గమున ఆర్డినెన్సు తెచ్చి, నడుపువారికే గాక ఆడువారికిని ఆరు నెలల వరకు జైలుశిక్షను నిర్ణయించినది. 132 వెబ్‌సైట్లను, యాప్‌లను ఆపవలెనని ఆ అక్టోబరులో కేంద్రమును కోరినది.

అదే కాలమున వేరు రాష్ట్రములు వేరు త్రోవలు పట్టినవి. రాజ్యాంగము ఏడవ షెడ్యూలులో పందెములు, జూదము అనునవి రాష్ట్రముల జాబితాలో ఉండుటయే దీనికి కారణము. పశ్చిమ బెంగాలులో 1957 నాటి చట్టమే బ్రిడ్జి, పోకరు, రమ్మీలను జూదము కాదని పేర్లు పెట్టి మినహాయించినది. సిక్కిం 2008లో ఆన్‌లైను ఆటల చట్టమును చేసినది. నాగాలాండు మరింత ముందునకు పోయి, 2015లో చేసిన చట్టముచే పోకరును, రమ్మీని నేర్పు ఆటల జాబితాలో వ్రాసి, వాటిని ఆన్‌లైనులో నడుపువారికి లైసెన్సు ఇచ్చు పద్ధతి పెట్టినది. గుజరాతు హైకోర్టు 2017లో పోకరు జూదమే అని తీర్పు చెప్పినది. కర్ణాటక 2021లో చేసిన నిషేధమును ఆ రాష్ట్ర హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టివేసినది. ఒకే ముక్కలు, ఒకే ఆట. రైలు ఒక స్టేషను దాటి మరొక స్టేషనునకు పోవులోపల ధర్మము అధర్మమగుచున్నది.

తమిళనాడు కథ మరింత తెలిసికొనదగినది. అచ్చట 2021లో చేసిన నిషేధమును మద్రాసు హైకోర్టు ఆ ఏడు ఆగస్టులోనే కొట్టివేసినది. అప్పులపాలై ప్రాణములు తీసికొనిన వారి వార్తలు వరుసగా వచ్చుచుండుటచే, విశ్రాంత న్యాయమూర్తి చంద్రుగారి అధ్యక్షతన సంఘమును వేసి, 2022లో మరల చట్టము చేసిరి. 2023 నవంబరులో హైకోర్టు రమ్మీ, పోకరుల నిషేధమును మాత్రము తొలగించి, వాటిని క్రమబద్ధము చేయు అధికారము రాష్ట్రమునకు కలదని చెప్పినది. అంతట 2025లో అచ్చటి ఆన్‌లైను గేమింగ్ అథారిటీ నియమములు చేసినది. పదునెనిమిది ఏండ్లు నిండనివారు ఆడరాదు. ఆధారుతో గుర్తింపు సరిచూడవలెను. రాత్రి పండ్రెండు గంటల నుండి తెల్లవారుజామున ఐదు గంటల వరకు ఆట మూసివేయవలెను. ఆడువాడు తన ఖాతాలో వేయు సొమ్మునకు తానే హద్దు పెట్టుకొను వీలుండవలెను. గంటకు మించి ఆడినవానికి హెచ్చరికలు చూపవలెను. కంపెనీలు ఈ నియమములను ఎదిరించినవి; ఆ ఏడు జూనులో హైకోర్టు నియమములనే నిలబెట్టినది. ఎన్నో శతాబ్దములనాటి మాట కాకపోయినను, ఇది ద్యూతాధ్యక్షుని పద్ధతియే అని శ్రోతలు గ్రహింపగలరు.

సముద్రముల కావలి అనుభవమును ఒకటి చెప్పవలసియున్నది. అమెరికాలో 2013లో నెవాడా రాష్ట్రము ఆన్‌లైను పోకరునకు లైసెన్సులిచ్చి ఆరంభింపజేసినది. అదే ఏడాది డెలావేరు, న్యూజెర్సీ రాష్ట్రములును ఆరంభించినవి. ఆడువాడు రాష్ట్రపు ఎల్లలోపల ఉన్నాడని ఫోను, కంప్యూటరుల జాడను బట్టి నిరూపింపవలెను. ఎల్ల దాటిన ఆట ఆగిపోవును. ఈ ఏర్పాటు న్యాయముగానే నడచినది. కాని వేరొక చిక్కు ఎదురైనది. పోకరు కంపెనీతో ఆడు ఆట కాదు. మనుష్యులు ఒకరితోనొకరు ఆడు ఆట. ఆడువారు తక్కువైనచో బల్లలు నిండవు. చిన్న రాష్ట్రములో జనము చాలరు. అందుచే నెవాడా, డెలావేరులు 2014లో ఒడంబడిక చేసికొని తమ బల్లలను కలిపినవి. 2017లో న్యూజెర్సీయు వారితో చేరినది. ఒక్క రాష్ట్రమునకు పరిమితమైన అనుమతి తనంతట తానే పొరుగు రాష్ట్రముల జనమునకై చేయి చాపునని దీనివలన తెలియుచున్నది.

నిషేధమునకును ఇదే ఎల్ల చిక్కు కలదు. తెలంగాణలో నిషేధము వచ్చినంతనే పేరున్న కంపెనీలు మన రాష్ట్రపు జాడ గల ఫోనులకు ఆటను నిలిపివేసినవి. మంచిదే. కాని తానున్న చోటును తప్పుగా చూపు యాప్‌లు వచ్చినవి. చట్టమునకు భయపడు కంపెనీ వెడలిపోగా, ఏ చట్టమునకును చిక్కని వారు ఆ చోట దూరిరి. 2020 ఆగస్టులో హైదరాబాదు పోలీసులు రంగులను ఊహించి పందెము కాయు ఒక జూదము ముఠాను పట్టుకొనిరి. అందులో ఒక చైనా దేశీయుడును ఉండెను. వేయి కోట్ల రూపాయలకు మించిన లావాదేవీలు ఆ ఖాతాలలో బయటపడినవి. దానిలో నేర్పు లేదు, పేకముక్క లేదు, లైసెన్సు లేదు; రంగు చెప్పుట, సొమ్ము పోగొట్టుకొనుట మాత్రమే. నిషేధము వచ్చిన ఏడెనిమిది ఏండ్లకు, 2025 మార్చిలో, బెట్టింగు యాప్‌లపై ప్రత్యేక పరిశోధక బృందమును నియమించుచున్నట్లు ముఖ్యమంత్రి మన శాసనసభలో ప్రకటింపవలసి వచ్చినది. శాసనము చేయుట ఒక దినపు పని. దానిని అమలు జరుపుట నిత్యకృత్యము.

ఇప్పుడు మనము విడిచిపెట్టి వచ్చిన హెచ్చరికకు పోవుదము. ఆట నడుపువాడు దేనినుండి బ్రతుకుచున్నాడు? ఒక లెక్క వేసి చూతము. ఆరుగురు తలకు ఐదు వందల రూపాయలు తెచ్చి ఒక బల్ల చుట్టును కూర్చుండిరనుకొందము. బల్లపై మొత్తము మూడు వేలు. ఒక్కొక్క ఆటలో నడుమ చేరు పందెము సగటున నూరు రూపాయలు. అందులో కంపెనీ నూటికి ఐదు తీసికొనును. అద్దముపై ఆట వడిగా సాగును గనుక గంటకు అరువది ఆటలు జరిగినచో, గంటకు మూడు వందల రూపాయలు కంపెనీకి చేరును. పది గంటలు గడచుసరికి మూడు వేలును చెల్లిపోవును. ఆరుగురిలో ఎవడు నేర్పరి, ఎవడు కాడు అన్న ప్రశ్నకు ఇక అర్థమే లేదు; బల్లపై సొమ్మే లేదు. ఆట సాగవలెనన్న ఎవడో ఒకడు మరల జేబులోనుండి తీయవలెను. ఈ అంకెలు మేము ఉదాహరణకై తీసికొనినవి. కాని లెక్క నడచు తీరు ఇదియే. దీనిపై 2023 అక్టోబరు నుండి, వేసిన సొమ్మంతటిపైనను నూటికి ఇరువది ఎనిమిది వంతుల జి.ఎస్.టి. విధించిరి. కంపెనీ వాటా ఒక వైపు, ప్రభుత్వ వాటా ఒక వైపు. ఆడువారి కుండకు రెండు చిల్లులు పడినవి.

నేర్పు అను మాటలో మరొక మర్మము కలదు. కేవల అదృష్టపు ఆటలో కొత్తవాడును పాతవాడును సమానులే; ఒకనాడు ఇతడు, ఒకనాడు అతడు గెలుచుదురు. నేర్పు ఆటలో అట్లు కాదు. నేర్పు తక్కువవాడు నిలకడగా, క్రమముగా, రోజు రోజునకును ఓడిపోవును. న్యాయస్థానములో ఏ గుణము ఆ ఆటకు రక్షణయో, ఇంటిలో అదే గుణము కొత్తవానికి ప్రమాదము. పైగా, ఓడినవాడు తన దురదృష్టమును నిందించి మానుకొనడు. తన నేర్పు ఇంకను పండలేదనుకొని, రేపు పండునని నమ్మి, మరల కూర్చుండును. అద్దమునకు ఆవల ఉన్నవాడు పొరుగూరివాడా, దినమంతయు ఇదే వృత్తిగా ఆడు ఆరితేరినవాడా, అసలు మనుష్యుడేనా అనునదియు అతనికి తెలియదు. పాచికల మోసమును కనిపెట్టుటకు ద్యూతాధ్యక్షుడు తానే పాచికలు ఇచ్చెడివాడు. యంత్రము పంచు ముక్కలను పరీక్షించు నేర్పు గల తనిఖీదారులు లేనిదే లైసెన్సు ఒక కాగితము మాత్రమే.

ఈ కారణములచే మా అభిప్రాయము ఇట్లున్నది. ఆట నేర్పుదా, అదృష్టముదా అను ప్రశ్న 1967లో సరియైన ప్రశ్న. నాడు ఆడువారు ఒకరి ముఖము ఒకరు ఎరిగినవారు. క్లబ్బునకు తాళము వేయు వేళ ఉండెను. అప్పిచ్చువాడు అదే బల్లవద్ద ఉండెడివాడు కాడు. నేడు అడుగవలసిన ప్రశ్నలు వేరు. ఆట వేగమెంత? అది మూతపడు వేళ కలదా? ఆడువాని ఓటమి వలన ఎవరు లాభపడుచున్నారు? సొమ్ము అయిపోయినంతనే అప్పు ఇచ్చు యాప్ అదే ఫోనులో ఎందులకు వేచియున్నది? ఏ శాసనమైనను ఈ నాలుగింటికి సమాధానము చెప్పవలెను. సమాధానము చెప్పు అనుమతి కొంత మేలు. సమాధానము చెప్పని నిషేధము కాగితపు కోట.

ఇటీవల ఈ వాదమును కేంద్రమే తన చేతిలోనికి తీసికొనినది. ఆన్‌లైను గేమింగ్ ప్రోత్సాహక, క్రమబద్ధీకరణ బిల్లును 2025 ఆగస్టు 20న లోక్‌సభయు, 21న రాజ్యసభయు ఆమోదించినవి. 22న రాష్ట్రపతి సమ్మతి లభించినది. నేర్పుదైనను, అదృష్టముదైనను, డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలన్నిటిని ఆ చట్టము నిషేధించినది. నడుపువారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలిచ్చువారికి రెండేండ్ల వరకు జైలు, ఏబది లక్షల వరకు జరిమానా. దేశములో నలుబది ఐదు కోట్లమంది ఈ ఆటలలో ఏటా ఇరువది వేల కోట్ల రూపాయల వరకు పోగొట్టుకొనుచున్నారని ప్రభుత్వము అంచనా చెప్పినది. పెద్ద కంపెనీలు కొద్ది దినములలోనే డబ్బు ఆటలను నిలిపివేసినవి. కొన్ని కంపెనీలు హైకోర్టులకు పోగా, ఆ వ్యాజ్యములను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తన వద్దకు తెప్పించుకొనినది. జూదము రాష్ట్రముల జాబితాలోనిది గదా, కేంద్రము ఎట్లు శాసించును అనునది అందలి ముఖ్యమైన వాదములలో ఒకటి.

ఆ చట్టములో మాకు మెచ్చుకొనదగినదిగా తోచిన అంశము ఒకటి కలదు. ఆడినవానికి అందు శిక్ష లేదు. అతనిని నేరస్థునిగా గాక నష్టపోయినవానిగా చూచిరి. ఇది చిన్న సంగతి కాదు. ఆడినవానికి జైలు తప్పదన్న భయమున్న ఇంటిలో ఏమి జరుగును? కొడుకు తండ్రికి చెప్పడు. భర్త భార్యకు చెప్పడు. మోసపోయినవాడు పోలీసుస్టేషను మెట్టెక్కడు. ఒక అప్పును కప్పిపుచ్చుటకు మరియొక అప్పు, దాని మిత్తికి ఇంకొకటి. బంగారము గిర్వికి పోవును. చిట్టీ పాడిన సొమ్ము మాయమగును. ఇంటివారికి తెలియు వేళకు మించిపోయియుండును.

చిల్పూరు గుట్టపై వెలసిన స్వామిని బుగులు వేంకటేశ్వరస్వామి అందురు. బుగులు అనగా మన ప్రాంతపు వాడుకలో భయము, దిగులు. పెండ్లికై కుబేరుని వద్ద తీసికొనిన అప్పును తీర్చు దారి తోచక, స్వామి ఆ బుగులుతో ఈ గుట్టకు వచ్చి, గుహలో తపస్సు చేసెనని స్థానికులు చెప్పుకొందురు. అప్పు వలన కలుగు దిగులు దేవునికిని తప్పలేదని మన పెద్దలు భావించిరి. అంతేకాదు, ఆ దిగులును దాచిపెట్టక దేవుని పేరులోనే చేర్చి, ఆ పేరుతోనే మ్రొక్కుచున్నారు. అప్పుపడినవానిని వెలివేయుట మన సంప్రదాయము కాదనుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు. అప్పుపడిన కుర్రవాడు ఇంటిలో నోరు విప్పి చెప్పగలిగినచో సగము గండము గడచినట్లే.

కావున శాసనముల సంగతి న్యాయస్థానములు తేల్చునంతవరకు మన ఇండ్లలో చేయదగినవి కొన్ని కలవు. ఇంటిలో ఒకడు రాత్రులు ఫోనుతోనే మేలుకొనుచున్నాడా, కారణము చెప్పక చేబదులు అడుగుచున్నాడా, ఎద్దులు, ఎరువులు, ఫీజులు అని సొమ్ము తీసికొని ఆ పని చేయుట లేదా అని గమనింపుడు. గమనించిన పిమ్మట అరువకుడు, నలుగురిలో నిలదీయకుడు. ఒంటరిగా కూర్చుండబెట్టి, ఎంత పోయినదో మొత్తము లెక్క వ్రాయించుడు. సగము లెక్క చెప్పుట ఈ వ్యసనమునకు లక్షణము. కనుక ఓర్పుతో మరల అడుగుడు. పంట సొమ్ము పడు ఖాతాను కొంతకాలము ఇంటిలోని మరొకరి చేతిలో ఉంచుడు. బ్యాంకునకు పోయి ఫోను ద్వారా చెల్లించు సొమ్మునకు దినపు హద్దును తగ్గింపుమని కోరవచ్చును. పోయినదానిని ఆటలోనే రాబట్టుదునను మాటను మాత్రము ఎట్టి పరిస్థితిలోను ఒప్పుకొనకుడు. ఆరుగురి బల్ల లెక్కను ఒకమారు కాగితముపై వేసి చూపించినచో ఆ మాటలోని భ్రమ విడిపోవును.

మోసపు యాప్‌లో సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను నంబరునకు ఫోను చేసి సైబరు నేరముల విభాగమువారికి తెలుపవలెను. తొలి గంటలలో తెలిపినచో సొమ్ము చేతులు మారకుండ ఆపు అవకాశము హెచ్చు. జూదమును మానలేకపోవుట ఒక రుగ్మత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలోనే చేర్చినది. అది చెడ్డ నడత మాత్రమే అని తిట్టి ఊరకుండరాదు. మనసునకు సంబంధించిన సలహాకై ప్రభుత్వము నడుపు టెలీ మానస్ నంబరు 14416. పగలైనను, రాత్రియైనను ఉచితముగా, తెలుగులోనే మాటాడవచ్చును. బ్రతుకుపై విరక్తి మాటలు వినవచ్చినచో ఆ మనిషిని ఒంటరిగా విడువక, వెంటనే ఈ నంబరునకు ఫోను చేసి, దగ్గరి ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

శ్రోతలలో ప్రొద్దుపోకకు దీపావళి రాత్రి నలుగురు చుట్టములతో ముక్కలు పట్టువారు ఉందురు. వారిని మేము తప్పుపట్టుట లేదు. ఎదురుగా కూర్చున్నవాని ముఖము కనబడుచుండగా, గెలుపు ఓటములు ఆ గదిలోనే మిగులుచుండగా, నవ్వులతో లేచిపోవు ఆట వేరు. ముఖము కనబడని చోట, మూతపడు వేళ లేని చోట, మన ఓటమిపై మూడవవాడు బ్రతుకు చోట నడచు ఆట వేరు. ఈ రెండింటికిని పేకముక్కలు ఒక్కటే అగుటచే ఆటయు ఒక్కటే అని భ్రమపడరాదు. సుప్రీంకోర్టు తీర్పు ఏ వైపునకు వచ్చినను, రాష్ట్రములకే అధికారము మిగిలినను, కేంద్రమునకే చెందినను, ఈ భేదమును గుర్తించిన శాసనమే ప్రజలకు ఉపకరించును. ఆ శాసనము స్థిరపడువరకు ఇంటిలోని లెక్కపుస్తకమును తెరచి ఉంచుట, ఇంటివారితో మాట కలిపి ఉంచుట మన చేతిలోని పని.